క్యోటోలో బెడ్‌స్పేస్

ఒక్కడే వస్తానన్నాడని మా భాయ్‌కి గది ఇవ్వలేదు. డబ్బు చాలక కాదు. కాగితాలు సరిగ్గా లేక కాదు. మనిషి మీద ఫిర్యాదు ఉండీ కాదు. పక్కన ఇంకో మనిషి లేడు, అంతే. జపాన్ దేశం, క్యోటో ఊళ్ళో ఒక పాతకాలపు సత్రంవాళ్ళు ఆయనకి రాసిన జవాబు మొత్తం ఇది: "క్షమించండి. మా గదులు ఇద్దరికీ, అంతకు మించినవారికీ మాత్రమే." ఆ 'క్షమించండి' నాకు మరీ మండింది. క్షమించమని అడిగే ఓపిక ఉన్నవాళ్ళకి గది ఇచ్చే ఓపిక ఎందుకుండదు?

మొన్నామధ్య భాయ్ పోయాడు. రాయచోటి దగ్గర సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో. కబురు ఫోన్‌లో వచ్చింది. ఆ సాయంత్రం దుబాయ్‌లో మేముండే కరామా పేటలో టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకడు గ్లాసు ఊదుకుంటూ, "పాపం, ఇన్నేళ్ళు దుబాయ్‌లో ఉండి కూడా ఏమీ చూడకుండా పోయాడు" అన్నాడు. చూడకుండా పోలేదు. ఆ మాట వాడికి అక్కడే చెప్పాను, గట్టిగానే చెప్పాను. అయినా ఒక టీ కొట్టు దగ్గర చెబితే సరిపోయే సంగతి కాదు గనక ఇది రాస్తున్నాను.

పేరు రాయను. కరామాలో భాయ్ అంటే రోడ్డు మీద సగం మంది తిరిగి చూస్తారు. 'బెడ్‌స్పేస్ చూసే భాయ్' అంటే మాత్రం ఆయనొక్కడే. తెలియనివాళ్ళకి చెప్పాలి: ఒక గదిలో ఒకదాని మీద ఒకటిగా ఇనప మంచాలు వేసి, ఒక్కో మంచాన్ని ఒక్కో మనిషికి అద్దెకిస్తారిక్కడ. అదే బెడ్‌స్పేస్. కడప, నెల్లూరు వైపునుంచి కొత్తగా ఎవరు దిగినా ముందు ఆయన్ని వెంటబెట్టుకుని గదులు చూడటానికి వెళ్ళేవారు. అదేం ఆయనకి వ్యాపారం కాదు. ఒక టీ తాగేవాడు, అంతే.

నాకు ఆయన పరిచయమైందీ అట్లాగే. నేనుండే విల్లాలో జనం ఎక్కువయ్యారని మున్సిపాలిటీవాళ్ళు ఖాళీ చేయిస్తే పెట్టె చేత్తో పట్టుకుని వీధిలో నిలబడ్డాను. ఎవరో ఆయన్ని పిలుచుకొచ్చారు. పొట్టి మనిషి, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని ఇంజనాయిలు నలుపు. మొదటి గదికి తీసుకుపోయాడు. తలుపు తీశారు. లోపల అడుగు పెట్టకుండానే, "వద్దన్నా, పోదాం పా" అన్నాడు.

"లోపల చూడనే లేదు గదయ్యా!"

"చెప్పులు సూడన్నా. ఒకడిది ఇంకొకడు తొక్కిపెట్టినాడు. వాకిట్లోనే ఇట్లుంటే లోపల ఎట్లుంటారో నాకేంటికి చెప్పేది?"

రెండో గది వాకిట్లో చెప్పులు గోడవారన వరసగా, మొహం బయటికి పెట్టి ఉన్నాయి. ఆయన మంచాల వంక చూడలేదు. నేరుగా స్నానాల గదికి పోయి తలుపు వేసి, లోపలి గొళ్ళెం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. బయటికొచ్చి, "తీసుకో" అన్నాడు. అదే పరీక్ష. వాకిట్లో చెప్పులు, లోపల గొళ్ళెం. ఎన్ని గదులు చూసినా ఆయన చూసేది ఆ రెండే. ఆ గదిలో నేను చాలా ఏళ్ళున్నాను. ఒక్కరోజు కూడా ఎవరితోనూ మాట తేడా రాలేదు, నాకున్న నోటికి కూడా.

ఆయన పని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో. జపాన్‌లో వాడి పారేసిన కార్లు సగానికి కోసి ఓడల్లో ఇక్కడికి వస్తాయి. ఇంజన్లూ డోర్లూ లైట్లూ విప్పి అమ్ముతారు. ఆ విప్పే పని ఆయనది. అద్దె తక్కువని లోకమంతా పక్క ఊరు షార్జాలో పడుకుని దుబాయ్‌కి పనికొస్తుంటే ఈయన కరామాలో పడుకుని షార్జాకి పోయేవాడు. ఎందుకయ్యా ఈ తిరకాసు అంటే, "పొద్దున నా బస్సు ఖాళీన్నా. కిటికీ పక్కన కూచోని పోతా" అనేవాడు. రెండువేపులా వాహనాలు చీమల్లా పాకుతుంటే ఈయన ఎదురు దిక్కులో దొరలా పోయి దొరలా వచ్చేవాడు.

విప్పే కార్ల అరల్లో రకరకాల వస్తువులుండేవి. కాగితపు రుమాళ్ళు, చిల్లర నాణేలు, దారంతో కట్టిన చిన్న చిన్న గుడ్డ తాయెత్తులు. తతిమ్మావాళ్ళు చెత్తలో వేసేవారు. ఈయన తాయెత్తులు తీసి వర్క్‌షాపు గోడకి మేకు కొట్టి తగిలించేవాడు. ఐదుపూటలా నమాజు చేసే మనిషివి, నీకెందుకివి అని ఒకసారి అడిగాను. "నాకేంటికన్నా, నేనేం మొక్కుతానా? ఎవరో తల్లి బిడ్డ బండిలో కట్టింటాది. చెత్తలో ఎట్ల ఏసేది?" అన్నాడు. అట్లా ఒక కారులో ఆయనకొక పటం దొరికింది. క్యోటో ఊరి బస్సుల పటం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు. ఒక్క అక్షరం చదవలేకపోయినా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలగడ కింద దాచుకున్నాడు. బస్సు గీతలంటే ఆయనకి అంత ఇష్టం.

ఆ పటం తలగడ కిందే ఉండిపోయేది, కరోనా రాకపోతే. 2020లో ఆ నెలల్లో గదుల్లోంచి కదలనివ్వలేదు. భాయ్‌కి జ్వరం వచ్చింది. ఆయనది కింద మంచం. వెల్లకిలా పడుకుంటే మొహానికి జానెడు ఎత్తులో పైవాడి పరుపు. ఆ పరుపు మీద ఏదో మరక. జ్వరం తగ్గాక నా దగ్గరికొచ్చి కూర్చుని, అడక్కుండానే చెప్పాడు.

"అన్నా, ఆ మరక సూసీ సూసీ దానికి కండ్లు ముక్కు కూడా వచ్చినాయి. అది నాతో మాట్లాడ్తాదేమో అనుకున్నా. ఇంగ నాకు ఒకటే ఉండాది. కప్పు చూడాల."

"ఏం కప్పు?"

"ఇంటి కప్పున్నా. పండుకుంటే పైన కప్పు కనపడాల. నేనొక్కణ్ణే ఉండాల. తలుపు నేను ఏసుకోవాల."

ఊరికి పోతే సొంత ఇల్లుంది గదా అన్నాను. సెలవుకి పోతే ఇంటి నిండా చుట్టాలనీ, పిల్లలు కాళ్ళ మీద, తల మీద పడుకుంటారనీ, అక్కడ కప్పు చూసే తీరికెక్కడుందనీ అన్నాడు. అది నిజమే. ఇక్కడ ఏళ్ళతరబడి ఒంటరిగా ఉన్నామంటారు గాని, ఒంటరిగా ఒక్క పూటన్నా పడుకున్న బెడ్‌స్పేస్ మనిషిని నేను చూడలేదు.

తర్వాత రెండు మూడేళ్ళకి కంపెనీవాళ్ళు చెప్పారు: అరవై నిండుతున్నాయి, ఈసారి వీసా రెన్యువల్ లేదు, ఖలాస్. ఆ వారమే ఆయన నేను కూర్చునే టైపింగ్ సెంటర్‌కి పటం పట్టుకుని వచ్చాడు. నా సంగతి ఒక ముక్క చెప్పాలి. ఐదో తరగతితో బడి మానేసి, ఈ సెంటర్ కౌంటర్ దగ్గరే ఇంగ్లీషూ అరబ్బీ నేర్చుకుని, జీవితమంతా జనం అర్జీలు టైపు చేశాను. ఇప్పుడు పెద్దవాణ్ణయ్యానని ఓనరు సెంటర్ వెనకవైపు ఒక కుర్చీ, ఒక పాత కంప్యూటర్ నాకు వదిలేశాడు. ఇతరుల అర్జీలు రాసీ రాసీ నాకు సొంత ఫిర్యాదులు రాయడం అలవాటైంది. చాలావాటికి జవాబులు రాలేదు. ఒక్కటీ మర్చిపోలేదు.

"అన్నా, ఈ ఊరు పోవాల," అన్నాడు భాయ్, పటం టేబుల్ మీద పరిచి. "ఇక్కణ్ణుంచి పోతేనే పోయినట్టు. ఇంటికి పోయినాక చేతిలో డబ్బు ఇల్లు రిపేరుకు పోతాది, నేను ఇంట్లో ఉండిపోతా. వీసా కాగితాల్లో యాడ దిగుతామో రాయాలంట. దిగే సోటు నువ్వు సూసిపెట్టు."

ఎంతోమందికి గదులు చూసిపెట్టిన మనిషి తనకి గది చూడమని నన్నడిగాడు. అయితే చూడటం పేరుకే నాది. చూపు ఆయనది.

హోటళ్ళు చాలా వచ్చాయి కంప్యూటర్లో. చవకవి, ఒంటి మనిషికి సరిపోయేవి, రైల్వే స్టేషన్ పక్కనే. ఆయన ఒక్కటీ చూడలేదు. "మంచం ఉండాది. మంచం నాకు చాలన్నా. ఇంగొద్దు." అక్కడివాళ్ళ పాతకాలపు సత్రాల్ని ర్యోకాన్ అంటారు. చాప పరిచిన నేల, నేల మీద పరుపు, తెల్లారితే పరుపు చుట్టి పక్కన పెట్టడం. వాకిట్లోనే బూట్లు విప్పాలి. అది చదివి వినిపించగానే భాయ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అది సూపీ. వాకిలి ఫోటో పెట్టినారా?"

గది ఫోటోలు, తోట ఫోటోలు, పళ్ళెంలో చేపల ఫోటోలు, అన్నీ దాటేయించాడు. వాకిలి ఫోటో లేని సత్రాన్ని పక్కన పెట్టేశాడు. పెద్ద సత్రాల్లో భోజనంతో కలిపి గది. దానివల్లే ధర. అందులో ఏం కలుస్తుందో తెలియదు కాబట్టి భోజనం లేనిది కావాలన్నాడు. ధర సగానికి సగం పడిపోయింది. చాలా చోట్ల అందరూ కలిసి బట్టల్లేకుండా దిగే స్నానాల తొట్టి. "యా అల్లా!" అని మొహం తిప్పుకున్నాడు. ఇంటివాళ్ళ స్నానాల గదే వంతులవారీగా ఇచ్చే చిన్న సత్రాలు కొన్ని ఉన్నాయి. "దానికి గొళ్ళెం ఉంటాదా? అడుగు." అడిగాను. ఒక సత్రంవాళ్ళు ఉందని రాశారు. ఆ ప్రశ్న వాళ్ళని అంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు.

అదే సత్రం గురించి దిగినవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదవబోయాను. "చాలా ప్రశాంతంగా..." అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెచ్చుకున్నోళ్ళది వద్దన్నా. తిట్టినోళ్ళది చదువు."

తిట్టినవాళ్ళవి చదివాను. గోడలు పల్చన, పక్కగది దగ్గు వినిపిస్తుంది. రాత్రి తొందరగా వీధి తలుపు మూసేస్తారు. వరండా చలి. స్టేషన్నుంచి దూరం, సిటీ బస్సు ఎక్కాలి. ఇంటి ముసలావిడ చప్పుడు చేస్తే కోప్పడుతుంది, చెప్పులు మార్చుకోకపోతే కోప్పడుతుంది, అన్నింటికీ కోప్పడుతుంది.

భాయ్ మొహం వెలిగిపోయింది. "ఇదే. ముసలామె తిడ్తాదంటే ఇల్లు సుబ్బరంగా ఉంటాది. తలుపు పెందలాడే ఏస్తారంటే తాగుబోతులు దిగరు. దూరమంటావా? సూసేది ఊరు, పండుకునేది గది. రెండూ పక్కపక్కన ఏంటికి? బస్సుందా లేదా? ఇదిగో, ఈ ఆకుపచ్చ గీత ఆ సందు ముందర్నే పోతాది. యల్లా, రాయి అన్నా."

రాశాను. ఒక మనిషి, నాలుగు రాత్రులు. దానికి వచ్చిన జవాబే మొదట్లో చెప్పింది.

చదివి వినిపించేసరికి నాకు కోపం ఆగలేదు. ఎందుకంటే ఈ మాట నాకు కొత్త కాదు. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉండి ఇక్కడ ఒక్కడుంటే, వాడు తాతైనా సరే, ఇక్కడి లెక్కలో బ్యాచిలరే. ఈ బిల్డింగ్ ఫ్యామిలీలకే. ఈ పార్కు ఇవాళ ఫ్యామిలీలకే. ఈ హాల్లో టేబుళ్ళు ఫ్యామిలీలకే, మీరు అటు నిలబడి తినండి. ఒక శుక్రవారం పార్కు గేటు దగ్గర నన్నాపిన సెక్యూరిటీ గార్డు మీసం ఎట్లా ఉండేదో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను. అదంతా ఇక్కడితో అయిపోయిందనుకుంటే, సముద్రాలు దాటి జపాన్‌లో కూడా అదే గేటా? అప్పటికప్పుడు ఒక ఉత్తరం టైపు చేశాను. "ఒంటరి మనిషి మీకు చేసిన అపకారం ఏమిటో తెలియజేయగలరు" అని మొదలు.

భాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "అన్నా, ఆగు. ముందు నన్ను పోయి రానీ. తర్వాత తిట్టు."

"ఎట్లా పోతావు? రానివ్వమంటున్నారు గదా!"

"ఒక్కడైతే వద్దన్నారు. ఇద్దరైతే రమ్మన్నారు. ఇంతే గదా? పార్ట్‌నర్‌ను ఎతుకుదాం." అని నా వంక చూశాడు. "నువ్వే రాన్నా. నీకు మాత్రం ఎవరుండారు ఇక్కడ?"

రానన్నాను. పక్కన ఇంకొకడుంటేనే మనిషని ఒప్పుకునే చోటికి ఆ ఇంకొకడిగా నేను రాను. నన్ను పిలుస్తున్నది మనిషిగానా, లెక్కకా? ఆ మాట ఇవాళ్టికీ మార్చుకోను. ఆయన వాదించలేదు. "సరేలే" అని ఒక తెల్ల కాగితం అడిగాడు. బెడ్‌స్పేస్‌లో ఒక మంచం ఖాళీ అయితే ఏం చేస్తాడో అదే చేశాడు.

ఆ కాగితం మలబారీ గ్రోసరీ అద్దాల తలుపు మీద చాలా రోజులుంది. తెలుగులో, నేను టైపు చేసిందే: "బెడ్‌స్పేస్ కలదు. క్యోటో. నాలుగు రాత్రులు. కింద పరుపు, పైన మంచం లేదు. స్నానాల గదికి లోపల గొళ్ళెం కలదు. సిగరెట్టు తాగని మర్యాదస్తులు కావలెను."

ఫోన్లు మొదలయ్యాయి. నా ఎదుటే కూర్చుని మాట్లాడేవాడు, స్పీకర్ పెట్టి.

"భాయ్, క్యోటో అంటే ఏదీ? ఆ ఫిష్ మార్కెట్ వెనకాల కొత్త బిల్డింగా?"

"కాదప్పా, జపాన్."

"జపాన్ అని రెస్టారెంటు పైనా?"

ఇంకొకడు ఏసీ విండోదా స్ప్లిట్టా అన్నాడు. ఇంకొకడు కుకింగ్ అలౌడా అన్నాడు. ఒకాయన అన్నీ ఓపిగ్గా విని, "నాలుగు రాత్రులేనా? నెలవారీగా అయితే చెప్పండి" అని పెట్టేశాడు. సత్రంవాళ్ళకి ఏం రాయమంటావని భాయ్‌ని అడిగితే, ఉన్నదున్నట్టు రాయమన్నాడు. "ఇద్దరం వస్తాం. ఒకణ్ణి నేను. రెండో మనిషిని వెతుకుతున్నాం." ఇట్లాంటి అర్జీ నా జన్మలో టైపు చెయ్యలేదని నేను మొండికేశాను. ఆయన వినలేదు. మర్నాడే జవాబొచ్చింది: "దొరికాక తెలియజేయండి. గది ఉంచుతాము." నేను నమ్మలేదు. ఆయన మాత్రం, "సూసినావా, తిట్టే ముసలామె మాట మీద నిలబడ్తాది" అన్నాడు.

రెండో మనిషి ఒకరోజు మధ్యాహ్నం సరాసరి సెంటర్‌కే వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, గార్డెనింగ్ కంపెనీలో ఫోర్మన్. చేతిలో ఫోను, ఫోన్లో ఒక పచ్చటి ఫోటో.

"అన్నా, క్యోటో బెడ్‌స్పేస్ గిక్కడేనా? గీ తోట సూడుండ్రి. గిది గడ్డి కాదంట. పాచి! మేం రోజు గీకి పారేసేదాన్ని ఆళ్ళు టికెట్ పెట్టి సూపిస్తుండ్రు. గిదేందో నేను కండ్లార సూడాలె. లేకపోతే నాకు నిద్ర పట్టదు."

భాయ్ ఆయన మొహం చూడలేదు. గుమ్మం దగ్గర విడిచిన బూట్ల వంక చూశాడు. టైపింగ్ సెంటర్‌లో బూట్లెవరూ విడవరు. మట్టి అంటిందని ఆ మనిషి విడిచి, పక్కకి పెట్టి వచ్చాడు. "ఈయప్పే," అన్నాడు భాయ్ నాతో. "రాయన్నా."

వెళ్ళొచ్చారు. వచ్చిన మొదటి సెలవు రోజునే ఇద్దరూ నా ఎదుట కూర్చున్నారు. ఏం చూశావయ్యా అని భాయ్‌ని అడిగితే, "కప్పు చూసినాన్నా" అన్నాడు. అంతే. సన్న చెక్కలు పక్కపక్కన పేర్చిన కప్పట. ఒక చెక్కకీ ఇంకో చెక్కకీ చారలు కలవవట. తెల్లారి వెలుగు కాగితపు తలుపులోంచి మెల్లగా దాని మీదికి పాకుతుందట.

ఫోర్మన్‌కి ఒళ్ళు మండిపోయింది. "గిదే రోజూ! బంగారు గుడికి పోదాం లేవే భాయ్ అంటే ఎల్లెలుకల పండుకోని పైకి సూస్తడు. నేను కూడా పక్కన పండి సూసిన, ఏమున్నదా అని. ఏం లేదన్నా, కట్టె!"

"ఒక్కణ్ణే ఉంటే ఇంగా బాగుండు," అన్నాడు భాయ్, "గానీ ఈయప్ప గురక పెట్టడు. పర్లేదు."

"మరి ఆ బూట్ల ముచ్చట చెప్పు అన్నకు!"

భాయ్ చెప్పనన్నాడు. ఫోర్మనే చెప్పాడు. మొదటి రాత్రి వాకిట్లో బూట్లు విడిచి పైకి పోయారు. తెల్లారి వచ్చి చూస్తే బూట్లు వీధివైపుకి మొహం తిప్పి, జతలు కలిపి పెట్టి ఉన్నాయి. అక్కడి పద్ధతట అది, అతిథి కాలు పెట్టుకుని పోవడానికి వీలుగా. తిప్పింది ఆ ముసలావిడ. అది తెలిసి భాయ్ కొయ్యబారిపోయాడు. తల్లి వయసు మనిషి తన బూట్లు చేత్తో పట్టుకోవడమా? మర్నాడు ఆవిడకంటే ముందే లేవాలని తెల్లారకుండానే మెట్లు దిగాడు. అప్పటికే తిప్పేసి ఉన్నాయి. ఆ మర్నాడు ఇంకా ముందు లేచాడు. అయినా తిప్పేసి ఉన్నాయి.

"ఇగ ఆఖరి రాత్రి ఏం జేసిండో తెల్సా? బూట్లు ప్లాస్టిక్ కవర్ల పెట్టి, చంకల పెట్టుకోని పైకి తెచ్చిండు! చాపల మీదికి! ముసలమ్మ చూడనే చూసింది. ఓయమ్మో, ఏం తిట్టుడన్నా! భాష రాదు, ఏం రాదు, గానీ ప్రతి తిట్టు సమజైంది. ఈయనేమో చేతులు కట్టుకోని నవ్వుతుండు."

"తిట్టనీలే," అన్నాడు భాయ్. "కంప్యూటర్లో చదివినావు గదన్నా, తిడ్తాదని. అబద్ధం రాయలేదు వాళ్ళు."

పటం ఏమైందంటే అది పాతదైపోయిందట. ఆకుపచ్చ గీత బస్సు ఇప్పుడు ఆ దారిన పోవడం లేదు. ఒక పూటంతా తప్పిపోయి, ఎవరో బడిపిల్లల వెంట నడిచి సత్రం చేరారు. ఫోర్మన్ పాచి తోటలు మూడు చూశాడు. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఆకులు ఏరుతున్న తోటమాలిని చూసి తనకి కళ్ళనీళ్ళు తిరిగాయని చెప్పాడు.

అప్పుడు నేను భాయ్‌ని అడిగాను. "వెళ్ళొచ్చావు గదా. ఇప్పుడు పంపనా ఆ ఉత్తరం?"

"వద్దన్నా."

"ఎందుకు వద్దు? రెండో మనిషి దొరికాడు కాబట్టి సరిపోయింది. దొరకనివాడి గతేంటి?"

"మళ్ళీ పోవాల అన్నా అక్కడికి. ఇప్పుడే తిట్టొద్దు."

ఇంటికి పోయే మనిషి మళ్ళీ క్యోటో ఎట్లా పోతాడని నవ్వుకున్నాను. ఆయన షార్జా వర్క్‌షాపులో సామాను సర్దుకున్నాడు. గోడ మీద తాయెత్తులు మాత్రం విప్పలేదు. తర్వాతివాడికి చూపించి, పారేయొద్దని చెప్పి వచ్చాడట. ఎయిర్‌పోర్టులో నన్ను కావిలించుకుని, "గుండె గట్టిగా పెట్టుకో అన్నా, మోకాళ్ళు సూపించుకో, దూరం నడవాల" అన్నాడు. ముసలివాళ్ళకి చెప్పే మామూలు జాగ్రత్తలే అనుకున్నాను.

నెలల తరబడి ఫోన్లో మాట్లాడాడు. ఇల్లు రిపేరు చేయించాననీ, మిద్దె మీద ఒక చిన్న గది వేయించుకున్నాననీ, కప్పుకి చెక్క కొట్టించాననీ చెప్పాడు. వడ్రంగి నవ్వాడట. "పండుకుంటే ఎట్లుంటాదన్నా?" అని తనే అడిగి, "అచ్చం అట్లనే, గానీ ఈ చెక్క కొత్తది, చార తెలీదు" అని తనే చెప్పుకున్నాడు. ఆ గదిలోనే పోయాడు. పొద్దున లేవలేదు. పెద్దకొడుకు ఫోన్ చేసి, "నాన్న మీ గురించి చాలా చెప్పేవాడు" అన్నాడు. ఏం చెప్పేవాడో అడగలేకపోయాను.

ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళెవరూ లేరు. ఆ రాత్రికి రాత్రే కాదు గాని, నాలుగు రోజులు పోయాక, పాత ఉత్తరం బయటికి తీశాను. ఒక్క మాటా తగ్గించలేదు. కింద ఒక పేరా చేర్చాను: మీరు మొదట గది లేదన్న మనిషి చనిపోయాడు, ఆయన ఉన్నంతకాలం ఈ ఉత్తరం పంపనివ్వలేదు, ఆయన పోయినా నా ప్రశ్న పోలేదు, ఒంటరి మనిషి మీకు చేసిన అపకారం ఏమిటి? కింద నా పూర్తి పేరు పెట్టి పంపాను.

నా ఫిర్యాదులకి జవాబులు రావు. అలవాటే. ఫోర్మన్ రెండుసార్లు వచ్చి, వచ్చిందా అని అడిగి పోయాడు. రాదులే అన్నాను. మొన్న గురువారం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. వచ్చినంతలో తెలుగు చేసి, ఏమీ వదలకుండా ఇక్కడ పెడుతున్నాను:

"గౌరవనీయులకు,

మీ ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. మీ స్నేహితుడు మరణించారని విని, బూట్ల విషయంలో ఆయన్ని కోప్పడినందుకు బాధపడుతున్నానని రాయమంది. అయితే చాపల మీదికి బూట్లు తేవడం తప్పేనని కూడా రాయమంది.

మీ ప్రశ్నకి జవాబు. ఒంటరి మనిషి మాకు ఏ అపకారమూ చెయ్యలేదు. ఇది చిన్న ఇల్లు, మేము ఇద్దరం ఆడవాళ్ళం. ఒంటరిగా వచ్చిన అతిథికి ఇక్కడ ఏమైనా అయితే ఎవరిని లేపాలో మాకు తెలియదు. అందుకని మా నాయనమ్మ కాలంనుంచి ఈ పద్ధతి ఉంది. అది మార్చలేదు.

మీ ఉత్తరం కింద ఉన్న పేరు మా దగ్గర ఇంతకు ముందే ఉంది. మీ స్నేహితుడు వెళ్ళేరోజున, చెర్రీ పూలకాలం దాటి ధరలు తగ్గాక అదే గది మళ్ళీ కావాలని అడిగి, రెండో మనిషిగా మీ పేరు రాయించారు. మీరు కోపంగా వస్తారనీ, పట్టించుకోవద్దనీ ఫోన్‌లో అనువాదం చేయించి చూపించారు.

ఆ గది ఇంకా మీ ఇద్దరి పేరు మీదే ఉంది. దాన్ని రద్దు చెయ్యమని మీరు రాయలేదు కాబట్టి మేము చెయ్యలేదు. మీరు వచ్చేట్టయితే, మీతో వచ్చే రెండో మనిషి పేరు దయచేసి తెలియజేయండి. దొరికేదాకా గది ఉంచుతాము."